రెండు పెన్సిల్ సెల్స్ వైద్యం

ఆ ఇంటి ముందుగదిలో గోడగడియారం ఆగిందంటే, లోపల ఎవరికో పన్ను పీకుతున్నారని అర్థం. కొత్తవాళ్ళు దాన్ని చూసి తమ చేతిగడియారాన్ని అనుమానించేవాళ్ళు, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేవాళ్ళు. పాతవాళ్ళు మాత్రం గుటక మింగి, బెంచీ మీద కొంచెం వెనక్కి జరిగేవాళ్ళు.

గడియారాన్ని ఆపేది డాక్టరమ్మ. ఆమె డాక్టరేమీ కాదు. పళ్ళ డాక్టరును కట్టుకున్నందుకు జనం ఉచితంగా ఇచ్చిన డిగ్రీ అది. ముందుగదిలో బల్ల వెనక కూర్చుని వరస ప్రకారం పిలవడం, పుక్కిలించడానికి గ్లాసులు కడిగి పెట్టడం, పిల్లలు ఏడిస్తే కిటికీలోంచి కాకిని చూపించడం ఆమె పనులు. ఈమధ్య ఇంకో పని నెత్తిన పడింది. పేషెంటు లోపలికి వెళ్ళగానే స్టూలెక్కి గోడగడియారంలోంచి ఒక పెన్సిల్ సెల్ ఊడబెరకాలి. వెనక ఇంట్లోకి పరుగెత్తి అత్తగారి టైంపీసులోంచి ఇంకోటి లాగాలి. రెండూ తెచ్చి మొగుడి చేతిలో పెట్టాలి. ఆయన వాటిని చొక్కాకు తుడిచి, ప్లస్సూ మైనస్సూ చూసి, సీడీ ప్లేయర్ కడుపులో పెట్టేవాడు.

ఆ సీడీ ప్లేయర్ పళ్ళ డాక్టర్ల సభలో లాటరీలో తగిలింది. జీవితంలో ఆయనకు తగిలిన మొదటి లాటరీ అదే కాబట్టి, దాని వెనక ఏదో దైవసంకల్పం ఉండే ఉంటుందని నమ్మాడు. అదే సభలో ఎవరో పెద్దాయన, సంగీతం వింటే మనిషికి నొప్పి తగ్గినట్టు అనిపిస్తుందని ఒక ముక్క అన్నాడట. ఆ పెద్దాయన ఇంకా చాలా ముక్కలు అన్నాడుగానీ, మన డాక్టరు అప్పటికే లాటరీ పెట్టె విప్పుకునే పనిలో ఉన్నాడు. విన్నంతవరకూ విని, సంచీ భుజాన వేసుకుని, కొత్త వైద్యం కనిపెట్టేసిన మొహంతో ఇంటికొచ్చాడు.

"ఇంక సూది లేదు" అన్నాడు గుమ్మంలోనే.

"సూది లేకుండా పన్ను ఎలా పీకుతారండీ?" అంది డాక్టరమ్మ.

"పాటతో. చెవుల్లో పాట పోస్తుంటే దవడలో నొప్పి ఎక్కడ కూర్చుంటుంది?"

"మరి తట్టుకోలేకపోతే?"

"అడిగితే సూది వేస్తాను. వద్దన్నానా?"

ఆ మాట ఆయన నిజాయితీగానే అన్నాడు. కాకపోతే రెండు చేతులూ, ఒక అద్దం, ఒక పట్టకారు నోట్లో ఉన్న మనిషి ఏ నోటితో అడుగుతాడన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. చదువుకున్న బుర్ర కదా, చిన్న విషయాలకు చోటుండదు.

మొదట్లో దానికి కరెంటే పెట్టాడు. అడాప్టరు గుచ్చి మీట నొక్కితే వేణువు బాగానే మోగింది. పన్ను తొలిచే మిషను వేయగానే మాత్రం హెడ్‌ఫోన్లలో కందిరీగల తుట్టె కదిలినట్టు బుయ్యిమని మోత. పైగా కుర్చీ పక్కన ఉన్నది ఒకటే ప్లగ్గు. అందులో పాటైనా పెట్టాలి, నోట్లో ఊరే నీళ్ళు లాగే గొట్టమైనా పెట్టాలి. పాట కోసం గొట్టం పీకేసిన రోజు ఒక లెక్కల మాస్టారు తన ఉమ్మి తనకే అడ్డం పడి ఉక్కిరిబిక్కిరై, కుర్చీలోంచి సగం లేచి డాక్టరు మెడ పట్టుకున్నాడు. అప్పటినుంచి సెల్స్ మీదే నడపాలని తీర్మానమైంది.

కొత్త సెల్స్ వారం తిరక్కుండానే నీరసపడ్డాయి. డాక్టరుకు కోపం వచ్చింది. గోడగడియారం వైపు వేలు చూపించి, "అదిగో, ఒక్క సెల్లుతో ఏడాదిగా రాత్రీ పగలూ తిరుగుతోంది. ఇది రోజుకో గంట పాడలేదా? సెల్స్‌లో లోపం కాదు, మనం తెచ్చే కొట్టులో లోపం. గడియారంలోవి మంచి సెల్స్, అవే తియ్యి" అన్నాడు. గడియారం ముల్లు తోయడానికి చీమంత బలం చాలుననీ, పళ్ళెం తిప్పి పాట చదవడానికి గుర్రమంత కావాలనీ ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది చూపించబోయినవాళ్ళు ఆ ఇంట్లో బాగుపడిన దాఖలా లేదు.

కాబట్టి సెల్స్ బాగున్నాయా లేదా అని చూడటానికి వాళ్ళకు ఒక పద్ధతి ఏర్పడింది. పన్ను పీకడం అయ్యాక సెల్లు మళ్ళీ గడియారంలో పెట్టాలి. గడియారం నడిస్తే సెల్లు బాగున్నట్టు. గడియారం ఎప్పుడూ నడిచేది. కాబట్టి సెల్స్ ఎప్పుడూ బాగుండేవి. మందుబిళ్ళల వేళ తప్పిపోతోందని అత్తగారు సణిగేదిగానీ, కొడుకు కనిపెట్టిన వైద్యం కోసం తన టైంపీసు ఆగుతోందని నలుగురికీ చెప్పుకుని మురిసేది కూడా.

ఆ ప్లేయర్‌తో ఆయన చేసే పూజావిధానం చూడాలి. హెడ్‌ఫోన్లు పేషెంటు తలకు తగిలిస్తాడు. మూత తెరిచి, సీడీని రెండు వేళ్ళతో అంచులు పట్టి, వెలుతురులో తిప్పి చూసి, టక్కుమని నొక్కి కూర్చోబెడతాడు. ప్లే నొక్కుతాడు. పలకదు. మళ్ళీ నొక్కుతాడు. అప్పుడు గుర్తొస్తుంది, పేషెంటు చెయ్యి తగిలి పాట ఆగకుండా మీటలన్నీ బిగించే చిన్న బొడిపె తనే నిన్న జరిపి పెట్టాడని. దాన్ని వెనక్కి జరిపి, ప్లే నొక్కి, మళ్ళీ ముందుకు జరిపి బిగిస్తాడు. ప్లేయర్‌ను పేషెంటు పొట్ట మీద పెట్టి, పైన మెడకు కట్టిన గుడ్డ కప్పుతాడు. కుదుపుకు పాట గెంతకుండా చూసే మీట కూడా ఒకటుందిగానీ, అది సెల్స్‌ను త్వరగా తినేస్తుందని పుస్తకంలో రాశారట, అందుకని దాన్ని ఆపేసేవాడు.

"కదలకండి. మీరు కదిలితే పాట గెంతుతుంది" అని హెచ్చరించేవాడు. పన్ను పీకించుకునేవాడు తన నొప్పి సంగతి మరిచి సీడీ సుఖం చూసుకోవాలన్నమాట.

రెండు నిమిషాలు వేణువు మోగేది. ఆ తర్వాత సెల్స్ చేతులెత్తేసేవి. టేప్‌రికార్డరైతే సెల్స్ అయిపోయే ముందు గొంతు సాగి, బొంగురుపోయి, ఏదో ఒక సూచన ఇస్తుంది. సీడీకి ఆ మర్యాద లేదు, ఉన్నట్టుండి మూగబోతుంది. గుడ్డ కింద ఉన్న ప్లేయర్ ఆగిందో ఆడుతోందో డాక్టరుకు కనబడదు. హెడ్‌ఫోన్లు పేషెంటు చెవులకు ఉన్నాయి కాబట్టి ఆయనకు వినబడదు. పేషెంటుకు తెలుసు. కానీ పేషెంటు నోరు డాక్టరు చేతుల్లో ఉంది.

అప్పుడు ఆ గదిలోంచి ఒక శబ్దం వచ్చేది. ఆ అని మొదలై, ఆఆఆ అని సాగి, చివర్లో విరిగేది. ముందుగదిలో బెంచీ మీది జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. అదే సమయానికి డాక్టరమ్మ చిరునవ్వు నవ్వి, మొగుడు నేర్పిన మాట అప్పజెప్పేది.

"పాటతో గొంతు కలుపుతున్నారండీ."

మొదటిసారి ఆ మాట అనడానికి ఆమె నాలుక తడబడింది. నాలుగోసారికి అలవాటైంది. పదోసారికి సొంత కవిత్వం కూడా చేరింది. ఒక పంతులమ్మ అరిస్తే, "శ్రుతి చూడండి ఎంత బాగా పట్టారో" అంది. ఒక లావుపాటి కాంట్రాక్టరు అరిస్తే, "ఆయనకి చిన్నప్పట్నించీ సంగీతమంటే ప్రాణమట" అంది. జనం నవ్వేవాళ్ళు. నవ్వితే భయం సగం తగ్గుతుంది. భయం తగ్గినవాళ్ళు పారిపోరు. ఇదీ వైద్యంలో భాగమే అనుకుని, తనలో తాను కొంచెం గర్వపడింది కూడా.

ఒకరోజు సిటీబస్సు కండక్టరు ఒకాయన వచ్చాడు. నిండు బస్సులో చివరి సీటుదాకా వినబడే గొంతు. లోపల ఆయన అరుపుకు కిటికీ అద్దం జివ్వుమంది. బెంచీ మీది ఒక తల్లి పిల్లవాణ్ణి చంకనేసుకుని గుమ్మందాకా వెళ్ళింది కూడా. డాక్టరమ్మ అసలు తొణకలేదు.

"కండక్టరుగారు కదండీ! టిక్కెట్లు టిక్కెట్లు అని అరిచి అరిచి, పాట కూడా ఆ రాగంలోనే వస్తోంది" అంది.

గది గొల్లుమంది. పిల్లవాడి తల్లి వెనక్కొచ్చి కూర్చుంది. కాసేపటికి కండక్టరు నోట్లో దూది కుక్కుకుని, ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళొస్తానన్న మర్యాద కూడా లేదని డాక్టరమ్మ ఆ పూటంతా అనుకుంది.

కర్మ ఎవరినీ వదలదంటారు. అది ముందు డాక్టరమ్మ కింది దవడలో ఎడమవైపు చివరి పన్ను మీదికి వచ్చింది. చాలాకాలంగా పుచ్చి ఉన్నదే, ఒక పూట వేరుశనక్కాయ కొరికితే సగం విరిగింది. ఇంకెవరి పెళ్ళామైనా అయితే మొగుడితో చెప్పుకుంటుంది. ఈమె దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుంది. కుడివైపు నమిలింది. లవంగం బుగ్గన పెట్టుకుంది. చల్లనీళ్ళు మానేసి గోరువెచ్చవి తాగింది. ఊరందరి నోళ్ళలోకీ దీపం వేసి చూసే మనిషికి, ఎదురుగా కూర్చుని తినే పెళ్ళాం బుగ్గ వాచిందని చాలా రోజులు తెలియనే లేదు. పక్కవీధిలో ఇంకో పళ్ళ డాక్టరున్నాడు, ఆయన శుభ్రంగా సూదేస్తాడు. అక్కడికి పోదామని ఒకసారి చెప్పులు కూడా వేసుకుంది. కానీ పళ్ళ డాక్టరు భార్యే ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిందని తెల్లారేసరికి ఊరంతా చెప్పుకోదూ? చెప్పులు విడిచేసింది.

చివరికి కనిపెట్టింది అత్తగారు. "అమ్మాయ్, ఆ మొహమేంటి, బూరె పెట్టుకున్నట్టు?" అని కొడుకును పిలిచింది. డాక్టరు దీపం వేసి చూశాడు. భార్యకు అంత పెద్ద పుచ్చు ఉందని తెలిస్తే మామూలు మనిషి బాధపడతాడు. ఈయన మొహం వెలిగిపోయింది.

"రేపు పీకేద్దాం. క్లినిక్ టైములోనే, అందరూ ఉండగా" అన్నాడు.

"అందరూ ఉండగా ఎందుకండీ?"

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. సొంత పెళ్ళానికే పాటతో పీకాడంటే ఇక నోరెత్తేవాడుంటాడా?"

"నాకు సూది వెయ్యండి" అంది ఆమె. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టే అంది. "అడిగితే వేస్తానన్నారుగా. నేను అడుగుతున్నా."

డాక్టరు ఆమెను వింత పురుగును చూసినట్టు చూశాడు. "నువ్వే అడిగితే ఎలాగే? రోజూ అక్కడ కూర్చుని పాడుతున్నారు పాడుతున్నారు అని చెప్పేది నువ్వు. నువ్వు సూది వేయించుకున్నావంటే, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పినట్టు కాదూ?"

ఆ మాటలో తప్పేమీ లేదు, అదే ఆమె ఖర్మ.

మర్నాడు బల్ల వెనక అత్తగారు కూర్చుంది. డాక్టరమ్మ తనే స్టూలెక్కి గడియారంలో సెల్లు తీసింది, తనే టైంపీసులోది తెచ్చింది. బెంచీ మీద అయిదారుగురున్నారు. చివర్లో ఆ కండక్టరు, ఆయన పక్కన దవడకు చేతిరుమాలు అదుముకున్న ఒకావిడ. మళ్ళీ వచ్చాడే, అంటే మరీ అంత నొప్పేమీ ఉండదేమోనని డాక్టరమ్మ ప్రాణం కొంచెం కుదుటపడింది. కుర్చీ ఎక్కింది.

హెడ్‌ఫోన్లు చెవుల మీద పడ్డాయి. ప్లే నొక్కాడు, పలకలేదు. బొడిపె జరిపాడు, నొక్కాడు, బిగించాడు. పొట్ట మీద బరువు, దాని మీద గుడ్డ. అలల హోరు, దాని మీద వేణువు. నిజం చెప్పొద్దూ, బాగుంది. కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళూ తను చెప్పింది అబద్ధమేమీ కాదని కూడా అనిపించింది.

పట్టకారు లోపలికి వెళ్ళి పన్ను పట్టుకోగానే వేణువు ఆగిపోయింది.

ముందు, పాట మధ్యలో విరామమేమో అనుకుంది. విరామం కాదు. ఫ్యాను కిర్రుమనడం వినబడింది. ముందుగదిలో ఎవరో దగ్గడం వినబడింది. బెంచీ కదలడం, అత్తగారి గాజులు బల్లకు తగలడం, పిల్లవాడెవడో కాకి ఏదని అడగడం, అన్నీ తన పక్కనే జరుగుతున్నంత స్పష్టంగా వినబడ్డాయి. ఆ రెండు గదులకూ మధ్య ఉన్నది తలుపు కాదు, పాత కర్టెను. తనే ఉతికి తగిలించే కర్టెను.

పన్ను మెలితిరిగింది. ఆమె నోట్లోంచి ఆ శబ్దం వచ్చింది. ఆ అని మొదలై, సాగి, చివర్లో విరిగింది.

"మా కోడలండీ" అంది అవతల అత్తగారు మురిపెంగా. "పాటతో గొంతు కలుపుతోంది. ఇన్నేళ్ళలో వంటింట్లో ఒక్క కూనిరాగం తియ్యలేదు, ఇవాళ చూడండి ఎలా ఎత్తుకుందో!"

జనం నవ్వారు. ఎవరిది ఏ నవ్వో కూడా ఆమెకు తెలిసింది. పన్ను నొప్పి ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. పన్ను నొప్పి దవడలో ఉంది. నవ్వు మనిషంతా పాకింది. పంతులమ్మ ఇది విన్నది. కాంట్రాక్టరు ఇది విన్నాడు. ఈ కుర్చీలో, ఈ మూగబోయిన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కదలొద్దన్నారు కాబట్టి కదలకుండా ఒక్కొక్కళ్ళూ ఆమె కవిత్వం మొత్తం విన్నారు.

"పాట బాగుందా?" అన్నాడు డాక్టరు పట్టు బిగిస్తూ.

ఆమె దవడలు మూసింది. పళ్ళ మీదే బతికే మనిషికి, మంచి పళ్ళు ఎంత గట్టివో ఆ రోజు తెలిసింది. ఆయన కెవ్వున అరిచి వేలు వెనక్కి లాక్కున్నాడు.

"అబ్బాయి కూడా అందుకున్నాడండీ" అంది అత్తగారు.

డాక్టరమ్మ కుర్చీ దిగింది. ప్లేయర్ పొట్ట మీంచి జారి వైరుకు వేలాడింది. మెడకు గుడ్డతో, తలకు హెడ్‌ఫోన్లతో కర్టెను తోసుకుని ముందుగదిలోకి వచ్చింది. నవ్వుతున్న మొహాలు నవ్వు మధ్యలోనే నిలిచిపోయాయి.

"పాట కాదు" అంది. నోట్లో నెత్తురు ఊరుతోంది, మాట ముద్దగా వచ్చింది. "అరిచాను. నొప్పికి అరిచాను. అందరూ నొప్పికే అరిచారు. ఎవరూ పాడలేదు. ఈ పెట్టె రెండు నిమిషాల్లో ఆగిపోతుంది."

"అమ్మాయ్!" అంది అత్తగారు.

బెంచీ చివర కండక్టరు గొంతు సవరించుకున్నాడు. బస్సు నింపే గొంతు ఇప్పుడు పక్కవాడికి కూడా సరిగా వినబడనంత చిన్నగా ఉంది.

"తెలుసండీ."

"ఏం తెలుసు?"

"నాక్కూడా ఆగిపోయింది కదండీ. మీరన్నది వినబడింది. టిక్కెట్లు అరిచి అరిచి అన్నారు చూడండి, అదీ. వీళ్ళంతా నవ్విందీ వినబడింది."

డాక్టరమ్మ బల్ల పట్టుకుని నిలబడింది. "మరి అప్పుడే చెప్పాల్సింది. బయటికొచ్చి నాలుగు తిట్టాల్సింది. ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయారేం?"

"ఏమని తిట్టనండీ?" అన్నాడు ఆయన. "నా ముందు వెళ్ళినావిడ పాడిందన్నారు. అంతకుముందాయన పాడాడన్నారు. అందరూ పాడుకుంటూ పీకించుకుంటుంటే నాకొక్కడికే నొప్పేసిందేమో అనుకున్నా. ఇంత మగాణ్ణి, సిగ్గేసింది. ఇంటికెళ్ళి కూడా అసలు నొప్పే లేదని చెప్పా."

పక్కనున్నావిడ దవడ మీది చేతిరుమాలు దించి ఆయన వైపు తిరిగింది. ఆమె బుగ్గ డాక్టరమ్మ బుగ్గకంటే ఎక్కువ వాచి ఉంది. ఆయన ఆమెను చూడకుండా నేల చూస్తూ అన్నాడు:

"ఇవాళ వచ్చింది నాక్కాదండీ. మా ఆవిడకి. భయపడుతుంటే, ఏం కాదు, పాట పెడతారు, చక్కగా ఉంటుందని నేనే తీసుకొచ్చా."

"నాలుగు రోజులు అన్నం ముట్టకుండా జ్వరమన్నావు. అదేనా?" అంది ఆవిడ.

డాక్టరమ్మకు ఏడుపొచ్చింది. పన్నుకు కాదు. తన మాట విని నవ్విన ఒక్కో మనిషీ, తన వంతు వచ్చాక ఆ నవ్వుకు భయపడి నోరు మూసుకుని, తర్వాత ఇంకొకళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడన్నమాట. మొగుడు పీకింది పళ్ళు మాత్రమే. మిగిలిందంతా తనే చేసింది.

డాక్టరు వేలికి దూది చుట్టుకుంటూ కర్టెను పక్కన నిలబడ్డాడు. "సెల్స్‌లో లోపం ఉండి ఉంటుంది" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి అత్తగారి ముందు బల్ల మీద పెట్టింది. ఆయన పక్కనుంచి లోపలికి వెళ్ళి, అలమరా పై అరలోంచి మత్తు మందూ సూదులూ ఉన్న డబ్బా దించింది. దాని మీది దుమ్మును తన మెడలోని గుడ్డతో తుడిచి, తెచ్చి, అందరూ చూస్తుండగా ఆయన చేతిలో పెట్టింది.

"ముందు ఈవిడకి వెయ్యండి" అంది. "వేసి, మొద్దుబారిందో లేదో ఆవిణ్ణే అడగండి. చేతులు నోట్లో పెట్టకముందే అడగండి. ఆ తర్వాత నాకు."